ఎవలోళ్ల మాట?

జనగామలో మాకు అక్షరాలు నేర్పిన టీచరమ్మది గార్ల దగ్గరి తండా. కొత్త మనిషి గడప తొక్కితే మనం అడిగినట్టే, బోర్డు మీద రాసిన ప్రతి మాటనూ ఆమె అడిగేది: "నువ్వెవలోళ్ల పిల్లవే?"

అరవై దాటి పలక పట్టిన నాకు తెలుగు చాలనిపించింది. ఇంగ్లీషు మొదలవగానే లేచాను. "మనకు సుట్టంగాని భాష నాకెందుకు బిడ్డా? రేపటిసంది రాను."

ఆమె బతిమాలలేదు. బోర్డు మీద ‘ఆల్వేస్’ అని రాసింది. ఎల్లప్పుడూ అని అర్థమట.

"మొదట్ల గిది ‘దారి పొడుగుత’ అనే మాట అవ్వా. ‘వే’ అంటే దారి. పాత ఇంగ్లీషుల ‘వెగ్’. ఇంకా ఎన్కకు పోతే, బండిల మోసుకపోవుడు అనే మాట. దాని ఇంకో బిడ్డనే సంస్కృతంల ‘వాహనం’."

"అంటే నేను రోజూ అనే వాహనానికి, దీనికి సుట్టరికమా?"

"దూరపుది. మా తండా భాషకు తెలుగు గంత సుట్టం గూడ కాదు. బడిల నా తెలుగు ఇని నవ్విన్రు. అయినా నేర్సుకోలేదా?"

మర్నాడు పోయి ముందు వరుసలో కూర్చున్నాను.

ఇప్పుడామె బదిలీ అయి భూపాలపల్లిలో ఉంది. దుకాణాల బోర్డుల కింద నిలబడి ఒక్కో మాటనూ నేనే అడుగుతుంటాను, "నువ్వెవలోళ్ల పిల్లవే?" అని. జవాబు రాకపోతే ఆమెకు ఫోన్ చేస్తాను.