కంప్యూటరుకు నాయన కుట్టిన తొడుగు

ఆ పాడు కంప్యూటరు మళ్ళీ ఆగిపోయింది. పెళ్ళికూతురి మేనమామల పేర్లన్నీ కూర్చి, చివరి పేరు దగ్గరికి వచ్చానో లేదో, తెర నీలంగా మారి, ఏవో ఇంగ్లీషు ముక్కలు కక్కి, గుటుక్కుమంది. బల్ల మీద గుద్దాను. నా చెయ్యే నొప్పి పుట్టింది, దానికేం!

తిరుపతిలో మా ఇంటి ముందుగదిలోనే నా పని. ప్రెస్సువాళ్ళిచ్చే పెళ్ళి పత్రికలు, గృహప్రవేశం కార్డులు టైపు చేసి, పేజీ కట్టి పంపుతాను. "కొత్తది కొనుక్కోరాదా?" అని సలహా ఇవ్వనివాళ్ళు లేరు. ప్రెస్సువాళ్ళు వాడే పాత తెలుగు అక్షరాల సాఫ్ట్‌వేర్ కొత్త కంప్యూటర్లలో ఎక్కదు మహాప్రభో! ఒకసారి ఎక్కించి చూస్తే అక్షరాలొకచోట, ఒత్తులొకచోట చెల్లాచెదురయ్యాయి. అందుకే ఈ ముసలిదాన్ని పట్టుకుని వేళ్ళాడుతున్నాను.

ప్రెస్సు ఓనరు మంచివాడే గానీ, ముహూర్తాల రోజుల్లో మంచితనం ఎన్నాళ్ళు నిలుస్తుంది? ఫోన్ చేసి, "ఏమ్మా, మళ్ళీ ఆగిపోయిందా? కార్డులు పంచేదెప్పుడు, పెండ్లెప్పుడు? ఇంగోతూరి లేటయితే వేరేవాళ్ళకి ఇచ్చుకుంటా, ఏమనుకోబాక" అన్నాడు. అనుకోవడానికేముంది? నాయనకూ నాకూ కూడు పెట్టేది ఆ పనే.

మొదట్లో ఎప్పుడో ఒకసారి ఆగేది. రిపేరు షాపతను సిపియు విప్పి చూసి, "లోపలంతా దుమ్మక్కా. దుమ్ము లోపలికి పోకుండా సూసుకోండి" అన్నాడు. ఇంటికొచ్చి ఆ మాట నాయనతో చెప్పాను. నాయన జీవితమంతా టైలరు పని చేశాడు. చేతులు వణకడం మొదలయ్యాక అంగడి మూసేసి, కుట్టుమిషను తెచ్చి నా కంప్యూటరు పక్కన పెట్టుకున్నాడు. పెట్టుకున్నాడన్న మాటే గానీ దాని ముందు కూర్చున్నది లేదు. దుమ్ము సంగతి విన్నాక మాత్రం టేపు వెతికి తీసి సిపియుకు కొలతలు తీశాడు. ఎవరి కోటుకో తెచ్చి మిగిలిన మెరూన్ గుడ్డ, లోపల లైనింగు, అంచులకు పైపింగు, ముందు స్విచ్చి నొక్కడానికి కాజా, వెనక వైర్లు రావడానికి చిన్న చీలిక, కింద బిగించి కట్టడానికి నాడా. కుట్టు అక్కడక్కడా వంకర పోయింది. అయితేనేం, "సూడు పాపా, సీమ దూరేదానికి గూడా సందు లేదు" అని మురిసిపోయాడు. ఆయన్ని అంత సంతోషంగా చూసి చాలా రోజులైంది.

అప్పటినుంచి ఆగడం ఎక్కువైంది. తల ప్రాణం తోకకొచ్చింది. సిపియును స్కూటీలో కాళ్ళ మధ్య పెట్టుకుని, అలిపిరి బస్సుల నడుమ ఇరుక్కుంటూ రిపేరు షాపుకు మోశాను, మళ్ళీ మోశాను. ర్యామ్ తీసి రబ్బరుతో రుద్దారు. ప్రాసెసర్ మీద పేస్టు పూశారు. విండోస్ తుడిచేసి మళ్ళీ ఎక్కించారు. పవర్ సప్లై మార్చారు. అక్కడున్నంతసేపూ అది బుద్ధిమంతురాలే, పొద్దుగూకేదాకా నడిచేది. "ఈడ బానే ఉండాది గదక్కా, మీ ఇంట్లో కరెంటు సూపించుకోండి" అనేవాడు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. ఇది రచ్చ గెలిచి ఇంటికొచ్చి చచ్చేది. కరెంటు పనిచేసే ఆయన్ని పిలిచి వైరింగు కూడా చూపించాను. దివ్యంగా ఉందన్నాడు. నాకు ఏడుపొక్కటే తక్కువ.

ఒకరోజు నాయన ఆ తొడుగు ఉతికి మిద్దె మీద ఆరేశాడు. ఆరోజంతా కంప్యూటరు ఆగితే ఒట్టు. సాయంత్రం ఆయన ఆరిన తొడుగు తెచ్చి, దులిపి, తొడిగి, నాడా కట్టాడు. కొత్త పత్రికలో గణపతి బొమ్మ పెట్టానో లేదో, మళ్ళీ నీలం తెర. కోపంతో పోయి సిపియు మీద చెయ్యి వేస్తే పెనంలా కాలుతోంది. గుడ్డ కింద గాలాడక ఉడికిపోతోంది! పిల్లను చంకలో పెట్టుకుని ఊరంతా వెతికానన్నమాట. దారిలో మురికవుతుందని, షాపుకు పోయేటప్పుడల్లా ఆ తొడుగు తీసి ఇంట్లోనే పెట్టి పోయేదాన్ని.

నా నోటికి వీధివీధంతా జడుస్తుంది. నాయనకు ఈ ఒక్క మాట చెప్పడానికి నోరు రాలేదు. ఆయన టీ అంగడికి పోగానే తొడుగు తీసి పని మొదలుపెట్టేదాన్ని. వచ్చే వేళకు కంప్యూటరు ఆపి, తొడిగి, నాడా కట్టి, వంటింట్లోకి పోయి గిన్నెల మీద కోపం తీర్చుకునేదాన్ని. ఇట్లా దొంగతనంగా చేస్తే పని ఏం తెమలుతుంది? ప్రెస్సు ఓనరు మళ్ళీ ఫోన్ చేశాడు. "ఈ సాయంత్రానికి రాకపోతే ఇంక వద్దులేమ్మా" అన్నాడు.

ఆరోజు గేటు చప్పుడు వినబడినా నేను లేవలేదు. తొడుగు కుర్చీ మీద పడి ఉంది. నాయన లోపలికొచ్చి దాన్ని చూశాడు, నన్ను చూశాడు.

"నాకు తెలుసులే పాపా. నాడా నేనేసే ముడి వేరు, నువ్వేసేది వేరు" అన్నాడు. "సెప్పింటే నేనేమన్నా అంటానా?"

"నువ్వేమీ అనవు నాయనా! ఇంకెప్పుడూ మిషను ముందు కూర్చోవు. దానికే నా భయం!" అని అరిచేశాను.

ఆయన తొడుగు ఒళ్ళో వేసుకుని, కత్తెరతో కుట్లు విప్పుతూ కూర్చున్నాడు. గాలికి కిటికీలాంటిదేదో పెడుతున్నాడు కాబోలనుకుని నేను పనిలో పడ్డాను.

సాయంత్రానికి పత్రిక పంపేశాను. "ఇప్పుడు దారికొచ్చింది మీ మిషను" అని ఓనరు మెచ్చుకున్నాడు కూడా. ఫోన్ పెట్టి పక్కకు తిరిగితే, ఆ మెరూన్ గుడ్డ కుట్టుమిషను మీద ఉంది. కొలతలు మార్చి, వణికే చేతులతోనే చేతికుట్టు వేసి, నాడా బిగించి కట్టేశాడు.

"దీనికైతే గాలితో పన్లేదు గదా పాపా" అన్నాడు.

కంప్యూటరు హాయిగా నడుస్తూనే ఉంది. అది ఆగిపోతే బాగుండునని మొదటిసారి అనిపించింది.