ఒకటిన్నర వోల్టు

ఏడో తరగతికి కరెంటు పాఠం చెప్పే వారం మా బడిలో ఎవరూ నాగా పెట్టేవారు కాదు. మంథని నుంచి పెద్దపల్లి పోయే దారిలో, వరి పొలాల నడుమ ఉన్న సర్కారు బడి అది. నేనక్కడ సైన్సు టీచరుని. ఒక టార్చి సెల్లు, చిన్న బల్బు, రెండు తీగ ముక్కలు చేతికిచ్చి వెలిగించమంటే పిల్లలు ఒకరి మీద ఒకరు పడేవారు. ఆ ఏడాది మాత్రం ఒక అమ్మాయి చేతులు రెండూ వెనక్కి పెట్టుకుని గోడకు ఆనుకుని నిలబడిపోయింది.

అంతకుముందు ఏడాది నా క్లాసులో అందరికన్నా హుషారైన పిల్ల ఆమే. పాడైపోయిన స్పీకరులోంచి వాళ్ల నాన్న తీసిచ్చిన గుండ్రటి అయస్కాంతం ఎప్పుడూ ఆమె సంచిలో ఉండేది. బడి ముందు ఇసుకలో దాన్ని దొర్లించి, అంటుకున్న ఇనుప రజను కాగితం మీద దులిపేది. కాగితం కింద అయస్కాంతాన్ని తిప్పుతూ నన్ను పిలిచేది. "టీచర్, జర చూడుండ్రి, మీసాలు లేస్తున్నయ్."

వానాకాలం నాట్లప్పుడు వాళ్ల నాన్న చనిపోయాడు. పొద్దున్నే మోటరు నడవడం లేదని పొలానికి వెళ్లి, తడి మట్టిలో నిలబడి స్టార్టరు డబ్బా తెరిచాడు. కరెంటు పట్టేసింది. పదిహేను రోజులకు ఆ పిల్ల మళ్లీ బడికి వచ్చింది. నేను కరెంటు పాఠాన్ని నెల రోజులు వెనక్కి జరిపాను. ఇక జరపడానికి వీల్లేక మొదలుపెట్టాను.

మిగతా పిల్లలు బయటికి వెళ్లాక ఆమె పక్కన కూర్చున్నాను. "బిడ్డా, మోటరుకు వచ్చే కరెంటు నాలుగు వందల వోల్టులు. గీ సెల్లుల ఉన్నది ఒకటిన్నర వోల్టే. చీమను గూడ ఏం జెయ్యది. ముట్టుకుంటే ఏంగాదు," అన్నాను.

ఆమె నా ముఖం వైపు చూడలేదు. "బాపు గూడ గట్లనే అన్నడు టీచర్. ఏంగాదు, నువ్వు పక్కకు నిలవడు అన్నడు."

ఆ పొద్దున ఆమె కూడా పొలంలో ఉందని నాకు అప్పుడే తెలిసింది.

పరీక్షలో ఆమెకు మంచి మార్కులే వచ్చాయి. వలయం ఎప్పుడు పూర్తవుతుంది, తడి చేతులతో స్విచ్చు ఎందుకు ముట్టకూడదు, అన్నీ రాసింది. బొమ్మ కూడా స్కేలు పెట్టి గీసింది. చదువు ఆమె భయాన్ని కాస్తయినా తగ్గిస్తుందని నేననుకున్నాను. అదేం జరగలేదు. తెలిసినకొద్దీ ఆమె ఇంకా దూరంగా జరిగింది.

తర్వాతి పాఠంలో ఇనుప మేకుకు రాగి తీగ చుట్టి, కొనలు సెల్లుకు కలిపి చూపించాను. గుండుసూదులు మేకుకు అతుక్కున్నాయి. తీగ తీసేయగానే రాలిపోయాయి. ఆ పిల్ల చాలా నెలల తర్వాత మొదటిసారి బల్ల దగ్గరికి వచ్చింది.

"టీచర్, మామూలు అయస్కాంతంల గూడ కరెంటుంటదా?"

ఆమె నోరు తెరిచి అడిగిందన్న సంతోషంలో నేను ఆగలేకపోయాను. అయస్కాంతంలోని అణువుల్లో కంటికి కనపడని కరెంటులు తిరుగుతుంటాయని, అందుకే దానికి ఆ లాగే గుణం వస్తుందని చెప్పాను. పాఠంలో అది లేదు. చెప్పాల్సిన అవసరమూ లేదు. ఆమె తలూపి వెళ్లి తన చోట కూర్చుంది.

ఏడాది చివర ప్రాజెక్టు మార్కుల కోసం ప్రతి ఒక్కరూ బల్బు వెలిగించి చూపించాలి. అందరూ చూపించారు. ఆమె వంతు వచ్చింది. నేను ఆమె చేయి పట్టుకున్నాను. "ఒక్కసారి ముట్టుకో, నీకే తెలుస్తది," అంటూ ఆమె రెండు వేళ్లను సెల్లు రెండు కొనల మీదా పెట్టి అదిమాను. ఏమీ కాలేదు. నేను చెప్పినట్టే ఏమీ కాలేదు. ఆమె అరవలేదు, ఏడవలేదు, చేయి లాక్కోలేదు. కళ్లు గట్టిగా మూసుకుని ఊపిరి బిగబట్టి నిలబడింది. నేను వదిలేసరికి ఆ చేయి చల్లగా ఉంది.

మర్నాటి నుంచి ఆమె బడికి రాలేదు.

నాలుగో రోజు వాళ్లింటికి వెళ్లాను. తల్లి వాకిట్లో చాట పట్టుకుని బియ్యం ఏరుతోంది. నాకు పీట వేసింది.

"కరెంటు బుగ్గ ఏస్తె ఒణుకుతది టీచర్. పంక ఏసుకోనిస్తలేదు. వాళ్ల బాపు ఇచ్చిన అయస్కాంతం గూడ మొన్ననే కాలువల పారేసింది. దాంట్ల గూడ కరెంటుందట. మీరే చెప్పిండ్రట గదా?"

"తప్పు నాదేనమ్మా," అన్నాను.

"మీరేం జేస్తరు. సదువు చెప్పేటోళ్లు, జర ధైర్యం చెప్తరనుకున్న. గంతే."

వాకిట్లోంచే ఆ పిల్లను పిలిచాను. గడప దాకా వెళ్లాను. ఆ పిల్ల గోడ వైపు తిరిగి కూర్చుంది. క్షమించమని అడిగాను. ఆమె వీపు కదల్లేదు.

ఎండాకాలం సెలవుల్లో ఆమెను నిర్మల్ దగ్గర మేనమామ ఇంటికి పంపించారు. అక్కడి బడిలో చేరిందని విన్నాను. ఆ తర్వాత నాకు ఏ కబురూ అందలేదు. నేనూ కనుక్కోలేదు. కనుక్కోవడానికి భయమేసింది.

రెండేళ్ల కింద పెద్దపల్లి బస్టాండులో ఆమె తల్లి కనిపించింది. తనే వచ్చి పలకరించింది.

"పదోతరగతిల బడి బంద్ జేసింది టీచర్. సైన్సు వద్దన్నది. ఇప్పుడు మా తమ్మునింట్ల బీడీలు జేస్తున్నది."

"ఒకసారి ఫోన్ల మాట్లాడొచ్చునా?"

ఆమె తల అడ్డంగా ఊపింది. "ఫోను ముట్టది టీచర్. నేను మాట్లాడాల్నంటె మా మరదలు దాని చెవు కాడ పట్టుకోవాలె. గది గూడ ఒక్క నిమిషమే."

వాళ్ల ఊరి బస్సు వచ్చింది. ఆమె సంచి ఎక్కించి, కిటికీ దగ్గర నిలబడ్డాను. పిల్లకు ఏమని చెప్పమంటారని ఆమె అడిగింది. బస్సు కదిలింది.