చిక్కాలక్క సెలవు రోజు

కొండ కింద స్టేషన్లో కేబుల్ కార్ తలుపు వేసేది నేను. క్యూ మొదట్లో స్టూలు మీద కూర్చుని, పైకెళ్ళే కుక్కల మూతులకి చిక్కాలు తగిలించేది మా అక్క. తోడబుట్టింది కాదు. నాకు పని నేర్పింది కాబట్టి అక్క. మిగతా అందరికీ చిక్కాలక్క.

సెలవు రోజొస్తే చాలు, జనం కుక్కల్ని వెంటేసుకుని దిగబడతారు. కొండ చూపించమని అవి ఇంట్లో ఎప్పుడు మారాం చేశాయో మరి! అందరిదీ ఒకటే పాట: "మావాడు ఎవర్నీ ఏమీ అనడండీ." ఆ మాట పూర్తయ్యేలోపు సదరు మావాడు నా ప్యాంటు అంచు పట్టుకునేవాడు. అసలు చిక్కం అవసరమైన నోళ్ళు కొన్ని రెండు కాళ్ళ మీద నిలబడి ఉండేవి. వాటికి రూల్ లేదు.

అక్క ఎవరి మాటా వినేది కాదు. ఒకావిడ చంకలో బొచ్చుకుక్కని పెట్టుకొచ్చి, "ముసలిదండీ, పళ్ళు కూడా ఊడిపోయాయి" అని, చిక్కం వద్దంటూ బతిమాలింది.

"కుక్కకి లేకపోతేనేం, రూల్‌కి ఉన్నాయిగా" అని అక్క వెనక్కి పంపేసింది. ఆవిడ చూసిన చూపుకి నేనైతే మాడి మసైపోయేవాణ్ణి. అక్క తాపీగా ఫ్లాస్కు మూత తిప్పుకుంది.

అలాంటి అక్క ఆ తర్వాతి వారం సెలవు పెట్టి, ఇస్త్రీ బట్టలు కట్టుకుని, తనే క్యూలో నిలబడింది. చేతుల్లో పెద్దమనిషి. అది ఆవిడ కుక్క పేరు. ఏళ్ళ తరబడి ఆ స్టూలు కింద పడుకుని, ఎవరొచ్చినా ఒక కన్ను తెరిచి మళ్ళీ మూసేవాడు. అందుకే ఆ బిరుదు.

ఇన్నాళ్ళకి దొరికింది అనుకున్నాను. "అక్కా, చిక్కమేదీ?" అన్నాను, అందరికీ వినపడేలా.

"ఒరేయ్, వీడు ఎవర్నీ ఏమీ అనడురా. పళ్ళు కూడా..." అంటూనే నాలిక్కరుచుకుంది.

"రూల్‌కి ఉన్నాయిగా!" అన్నాను. క్యూ అంతా గొల్లుమంది.

అక్క నవ్వలేదు. చిక్కం తీసుకుని వాడికి తగిలించింది. వాడికి ఊపిరాడలేదు, రొప్పడం మొదలెట్టాడు. చటుక్కున తీసేసింది.

"గుండె బాగాలేదురా వీడికి. ఎన్నాళ్ళో చెప్పలేనన్నాడు డాక్టరు. ఊళ్ళో కుక్కలన్నిట్నీ పైకి పంపాను, వీడొక్కడే చూళ్ళేదు కదా అని తెచ్చాను" అని వెనక్కి తిరిగింది.

నాకు సిగ్గేసింది. "ఎక్కెయ్యక్కా, ఎవరడుగుతారు?"

"అందరూ అడుగుతారు. రేపు ఏ మొహం పెట్టుకుని ఆ స్టూలు మీద కూర్చోను?"

అప్పుడు బొచ్చుకుక్క ఆవిడ క్యూలోంచి ముందుకొచ్చింది. ఈసారి కుక్క మూతికి బుద్ధిగా చిక్కం ఉంది. స్టూలు వెనకాల బోర్డు చూపించి, "తోటి ప్రయాణికులుంటేనే చిక్కం అని రాసుంది. పోయిన వారం మిమ్మల్ని తిట్టడానికి ఏమైనా దొరుకుతుందేమోనని మొత్తం చదివాను. ఈ డబ్బాలో మీరిద్దరే వెళ్ళండి, మేం తర్వాతదాంట్లో వస్తాం" అంది.

ఆ బోర్డు అక్కకి కంఠతా వచ్చు. అంత క్యూలో తనకోసం ఒక డబ్బా వదిలెయ్యమని అడగడానికే నోరు రాలేదు. ఎవరూ కాదనలేదు. తలుపు నేనే వేశాను.

సాయంత్రం దిగాక అడిగాను, "ఏం చూశాడక్కా?"

"ఏం చూస్తాడు! నా చెప్పు మీద తల పెట్టుకుని పడుకున్నాడు. కొండ చూడరా అంటే నా మొహం చూస్తాడు వెధవ" అని కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది.

వానలు మొదలయ్యేసరికి స్టూలు కింద చోటు ఖాళీ అయింది. అక్క మామూలుగానే పనిలోకి వచ్చింది. మొన్నొకాయన దూడంత కుక్కతో దిగి అదే పాట ఎత్తుకున్నాడు: "మావాడు ఎవర్నీ ఏమీ అనడండీ."

ఇక కాచుకో నాయనా అనుకుని, తలుపు దగ్గర నేను చెవులు రిక్కించాను. అక్క చిక్కం పట్టీ కాస్త వదులు చేసి మెల్లగా తగిలించింది.

"తెలుసండీ" అంది. "మావాడూ అనేవాడు కాదు."