పన్నెండు పుస్తకాల బేరం

డిగ్రీ కాలేజీలో తెలుగు చెప్పే నన్ను, ఒకే రచయిత పుస్తకాల మీద చర్చా తరగతి నడపమన్నారు ప్రిన్సిపాల్ గారు. మా దగ్గర అలాంటిది అదే మొదలు. శుక్రవారం చివరి గంట, వారానికో పుస్తకం. చర్చ ఉన్నన్ని వారాలూ, ప్రతి శుక్రవారం ఆ గంటలో పెట్టే పరీక్ష ఉండదు. రచయితను ఎంచుకున్నది నేనే. ఆయన పుస్తకాలు పన్నెండు. నేను చదివినవి మూడు.

అనకాపల్లిలో బెల్లం కొట్లో పెరిగినవాణ్ణి. మూడు కావాలంటే మూడని అడగకూడదని తెలుసు. పన్నెండంటాను, పిల్లలు గోలపెట్టి రెండంటారు, నేను ముఖం మాడ్చుకుని ఏడుకు దిగుతాను, చివరికి మూడు దగ్గర పెద్దమనసు చేసుకుంటాను. అక్కడ విడవాల్సిన నిట్టూర్పు కూడా అద్దం ముందు సరిచూసుకున్నాను. పాఠానికి నేను చేసుకున్న తయారీ అంతే.

"మొత్తం పన్నెండు. ఒక్కటీ తగ్గదు" అన్నాను క్లాసులో.

"అలాగే సార్" అన్నారు.

గోల రాలేదు. "పన్నెండమ్మా" అన్నాను మళ్ళీ.

"ఇనబడింది సార్. సదివేత్తాం" అంది కె. కోటపాడు నుంచి బస్సులో వచ్చే అమ్మాయి.

"అందులో ఒకటి నాలుగొందల పేజీలుంటుంది."

"పర్లేదు సార్."

"పోనీ, తొమ్మిది చేద్దామా?"

"ఒద్దు సార్. పన్నెండూ ఉండనీండి."

"మీకు వేరే సబ్జెక్టులు లేవా? అయిదు."

"పెద్దాయన పుస్తకాలు సార్, సగంలో వదిలేత్తే బాగోదు" అన్నాడు వెనక బెంచీ నుంచి ఒకడు.

అమ్మేవాడు తగ్గిస్తానని బతిమాలడం, కొనేవాళ్ళు వద్దని మొండికేయడం మా వీధిలో ఎన్నడూ చూడలేదు. సాయంత్రం కొట్లో నాన్నకు చెప్పాను.

"బేరమాడకండా ఒప్పుకున్నోడికి సరుకు అక్కర్లేదురా. ఇంకేటో కావాల. అదేటో సూసుకోలేదేటి నువ్వు?" అన్నాడు.

అప్పుడు వెలిగింది. పన్నెండు పుస్తకాలంటే పన్నెండు వారాలు పరీక్ష లేదు. సోమవారం ఆ పన్నెండు పుస్తకాల జాబితా ప్రిన్సిపాల్ గారికిచ్చేస్తే, నాలుగో శుక్రవారం నుంచి చదవని పుస్తకాల మీద నేను క్లాసు ముందు నిలబడాలి.

సోమవారం పొద్దున్నే వరండాలో ఆ కోటపాడు అమ్మాయిని ఆపాను. "పన్నెండు శుక్రవారాలూ మీవే. పుస్తకాలు మాత్రం మూడు. ఒక్కోటి నాలుగు వారాలు."

"మీరు సదివినవి మూడేనా సార్?"

నాకు దగ్గొచ్చింది.

"మా నాన్న మీ కొట్టుకే బెల్లం తెత్తాడు సార్. మీ నాన్నగారు మొదట సెప్పే రేటు ఎంత నిజమో మా ఇంట్లో అందరికీ తెలుసు. ఆరు సేద్దాం. ఒక్కోటి రెండు వారాలు."

"నాలుగు."

"ఆరు సార్. ప్రిన్సిపాల్ గారు ఇటే వత్తన్నారు."

ఆరు రాశాను. ఏ ఆరో కూడా తనే చెప్పింది. మన లైబ్రరీలో ఉన్నవి అవేనట, ముందే చూసుకుని వచ్చింది. నేను చదివిన మూడింటిలో ఒక్కటే అందులో ఉంది.

ఆ సాయంత్రం బెల్లం దిమ్మల పక్కన కూర్చుని, చదవని అయిదింటిలో ఒకదాని మొదటి పేజీ తెరిచాను.

"ఎంతకి తెగింది?" అన్నాడు నాన్న.

"ఆరు."

"నువ్వెంతన్నావు?"

"పన్నెండు."

"ఆళ్ళో?"

"పన్నెండే."

నాన్న త్రాసు వదిలేసి నావైపు చాలాసేపు చూశాడు. నేను పేజీ తిప్పాను.