ఉత్తరంలో లేని పనులు

దార్యా రాసిచ్చిన ఉత్తరం చాలా అందంగా ఉంది. పనికి మాత్రం రాదు.

దళసరి కాగితం మీద, తన పళ్ళ ఆసుపత్రి పేరు కింద, పది వాక్యాలు రాసిందావిడ. లియోనీలా మా ఇంటి మనిషి. మా నాన్నగారికి ఆప్తురాలు. ఆమె నవ్వుతో మా ఇల్లు వెలుగుతుంది. ఇద్దరూ కలిసి పేపరు చదువుకుంటారు, పేకాడుకుంటారు, పెరట్లో టమాటాలకు నీళ్ళు పోస్తారు. ఇలాంటి మనిషి కెనడాలో స్థిరపడితే దేశానికే మేలు. చివర పెద్ద సంతకం.

లియోనీలా గుంబాన్ దాన్ని నేలకింది గదిలో, బట్టలుతికే యంత్రం పక్కన నిలబడి రెండుసార్లు చదివింది. యంత్రంలో తిరుగుతున్నవి ఆ నాన్నగారి దుప్పట్లు. ఆ వారంలో అవి తడవడం అది మూడోసారి. పేకాడుతూ తడిపేశారని దార్యా అనుకుంటోంది కాబోలు.

నాన్నగారి పేరు ఒరెస్ట్. ఎనభై మూడేళ్ళు. విన్నిపెగ్‌లో ముప్పై ఏళ్ళు హైస్కూలు ప్రిన్సిపాలుగా చేసి, ఏడేళ్ళుగా పార్కిన్సన్స్ జబ్బుతో ఉన్నాడు. పొద్దున్నే నడుముకు పట్టీ కట్టి మంచం మీంచి లేపాలి. మరుగుదొడ్డిలో కూర్చోబెట్టాలి, అయ్యాక శుభ్రం చేయాలి. ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి స్నానం చేయించాలి. గొంతులో అడ్డం పడకుండా అన్నీ మెత్తగా చేసి చెంచాతో పెట్టాలి. మాత్ర పది నిమిషాలు ఆలస్యమైతే కాళ్ళు నేలకు అతుక్కుపోయి, గుమ్మంలోనే బొమ్మలా నిలబడిపోతాడు. నాలుగేళ్ళుగా ఇవన్నీ చేస్తున్నది లియోనీలా. ఈ నాలుగేళ్ళలో దార్యా తండ్రికి ఒక్కసారీ మేజోడు తొడగలేదు. ఆదివారం మధ్యాహ్నం పూలు తెచ్చి, నుదుటి మీద ముద్దు పెట్టి, ఫొటో తీసుకుని వెళ్ళిపోతుంది. పళ్ళ డాక్టరు కదా, ఫొటోలో నవ్వు బాగుంటుంది.

లియోనీలా తన దేశంలో, ఇలోయిలో నగరం దగ్గర గింబాల్ అనే ఊళ్ళో మంత్రసాని. చదువుకున్న మంత్రసాని, సర్కారు పట్టా ఉంది. మూడు వందల మందికి పైగా పిల్లల్ని ఈ లోకంలోకి లాగిన చేతులవి. మొగుడు ఇంకో సంసారం పెట్టుకున్నాక, కూతురు రుబెలిన్‌ను అక్క దగ్గర వదిలి హాంకాంగ్ వెళ్ళింది. అప్పటికి పిల్లకు ఎనిమిదేళ్ళు. అక్కడ తొమ్మిదేళ్ళు ఇంకొకరి కవలల్ని పెంచింది. ఆ కవలలు ఆంగ్లంలో తప్పులు దిద్దేంత వాళ్ళయ్యాక, ఇక నీ అవసరం లేదన్నారు. అక్కణ్ణించి కెనడా. ఇక్కడ ఆమె మంత్రసాని చదువును తూచి, మా చదువులో ఒక్క ఏడాదికి సమానం అని కాగితం ఇచ్చారు. నలభై ఆరేళ్ళ వయసులో ఇంగ్లీషు పరీక్ష రాయించారు. పిల్లలకు జేబు ఖర్చు ఇవ్వవచ్చా అన్నది వ్యాసం. కూతురు పదమూడేళ్ళుగా అక్క పెంపకంలో ఉన్న మనిషి, ఇవ్వవచ్చని రెండు వందల యాభై మాటల్లో రాసి పాసైంది.

కెనడాలో శాశ్వతంగా ఉండడానికి పెట్టే దరఖాస్తుకు ఇక మిగిలింది యజమాని ఇచ్చే పని ఉత్తరం. ఆదివారం పూజ అయ్యాక చర్చి కింది హాల్లో, కాగితపు పళ్ళెంలో పాన్సిత్ నూడుల్స్ తింటూ మెర్లీ ఆ ఉత్తరం చదివింది. మెర్లీ కూడా ఇళ్ళలో ముసలివాళ్ళను చూసుకునే మనిషే. పోయినసారి దరఖాస్తు పెట్టి నెగ్గుకొచ్చింది కాబట్టి ఇప్పుడు అందరి కాగితాలూ ఆమె చూసిపెడుతుంది.

"అక్కా, ఇది ఎవరైనా పోయినప్పుడు చదవాల్సిన కాగితం. ఇందులో నువ్వు చేసిన పని ఒక్కటైనా ఉందా?"

"టమాటాలు నిజమే. పోయిన జులైలో పోశాను."

"నీకు నవ్వులాటగా ఉంది. చూడు, వాళ్ళకి కావలసింది రోగిని చూసుకునే మనిషి. స్నానం, తిండి, మందులు, ఎత్తడం, దించడం. వారానికి ఎన్ని గంటలు, ఏ తేదీ నుంచి. పేకాడే మనిషికి వేరే దారి ఉంటుందేమో, మన దారిలో మాత్రం లేదు."

గడువు మూడు వారాలు. నెలాఖరు రోజు ఉదయం దరఖాస్తుల తలుపు తెరుస్తారు. ఇన్నే తీసుకుంటామని ముందే లెక్క కట్టారు గనక, మధ్యాహ్నం భోజనానికి ముందే మూసుకుపోతుందని మెర్లీ అంచనా. మళ్ళీ ఎప్పుడు తెరుస్తారో తెలియదు. రుబెలిన్‌కు జూన్ తొమ్మిదికి ఇరవై రెండు నిండుతాయి. ఇరవై రెండు నిండిన పిల్ల ఆ కాగితాల దృష్టిలో తల్లి మీద ఆధారపడ్డ పిల్ల కాదు. నిండకముందే దరఖాస్తు చేరితే ఆ రోజు వయసే చివరిదాకా లెక్క. చేరకపోతే తల్లికి మాత్రమే దేశం వస్తుంది. అలాంటి దేశం లియోనీలాకు ఎందుకు?

ఆ సాయంత్రమే దార్యాను అడిగింది. పనులు రాసి ఇంకో ఉత్తరం ఇవ్వమంది. దార్యా బాధపడింది. ఎంతో ప్రేమతో రాశానే అంది. నాన్న పరువు సంగతి కూడా ఆలోచించాలంది. వీధిలో సగం మంది ఆయన శిష్యులే, ఒక ఆడమనిషి తనను కడుగుతోందని ప్రభుత్వ కాగితం మీద ఉంటే ఆయన తట్టుకోలేడంది. పెరట్లోకి రోజూ నడిచి వెళ్తాడనే ఆవిడ అందరికీ చెబుతోంది. చెప్పీ చెప్పీ ఆవిడే నమ్మింది.

"అయినా తొందరేముంది లియోనీలా? ఎప్పుడో మళ్ళీ తెరుస్తారు కదా. అప్పుడు తీరిగ్గా చూద్దాం."

"అప్పటికి మా అమ్మాయి పిల్ల కాదు, మేడమ్."

"అవును, పిల్లలు ఇట్టే పెద్దవాళ్ళైపోతారు. మావాణ్ణి టొరంటోలో హాస్టల్లో వదిలి వచ్చిన రోజు నేనెంత ఏడ్చానో."

లియోనీలా ఆమె ముఖంలోకి చూసింది. దార్యా నిజంగానే ఓదారుస్తోంది.

ఆ ఇంట్లో ఫ్రిజ్ పక్కన ఒక నీలం ఫైలు ఉంటుంది. ఒరెస్ట్ మందుల జాబితాలు, రక్త పరీక్షలు అందులో ఉంటాయి. ఆయన్ను చక్రాల కుర్చీలో ఎక్కడికి తీసుకెళ్ళినా లియోనీలా చంకలో ఆ ఫైలు ఉండాల్సిందే. మరునాడు గుండె డాక్టరు దగ్గర వరుసలో కూర్చుని మందుల చీటీ వెతుకుతుంటే, అడుగున రెండు పేజీలు కనబడ్డాయి. రెండేళ్ళ కిందటివి. వైకల్యం ఉన్నవారికిచ్చే పన్ను రాయితీ కోసం, డాక్టరు పత్రం నింపడానికి వీలుగా దార్యా టైపు చేసి ఇచ్చిన వివరం. ఆ రోజు ఆ కవరు డాక్టరు చేతిలో పెట్టింది లియోనీలాయే. లోపల ఏముందో ఇప్పుడు చదివింది.

మా నాన్న ఒంటరిగా మంచం దిగలేరు. స్నానం చేయలేరు. బొత్తాం పెట్టుకోలేరు. మలమూత్రాలకు పూర్తిగా ఇంకొకరిపై ఆధారపడతారు. చెంచా నోటిదాకా చేరదు. ఒక సహాయకురాలు రోజంతా పక్కన ఉండి ఈ పనులన్నీ చేయాలి.

పన్ను దగ్గర మంచం దిగలేని మనిషి, ఉత్తరం దగ్గరకొచ్చేసరికి తోటమాలి అయిపోయాడు. ఎంత ఓపికగా, ఎంత నిజాయితీగా రాసిందో దార్యా! ఒక్క పని కూడా మరచిపోలేదు. అంటే ఈ ఇంట్లో ఏం జరుగుతోందో ఆవిడకు మొదటినుంచీ తెలుసు. తెలియకపోతే లియోనీలా క్షమించి ఉండేది.

ఆ రాత్రి ఆ వాక్యాలనే తిరగరాసింది. చేయలేరు అన్న ప్రతిచోటా లియోనీలా చేస్తుంది అని మార్చింది. గంటలూ తేదీలూ కలిపితే ఒక పేజీ వచ్చింది.

ఆదివారం దార్యా వచ్చింది. లియోనీలా ఆలుగడ్డ కూరిన పెరోగీ కుడుములు ఉడికించి, ఒరెస్ట్ వాటా మెదిపి, పక్కన పుల్లటి మీగడ పెట్టింది. తినడం సగమయ్యాక పన్ను కోసం రాసిన పాత వివరం, తను రాసిన కొత్త ఉత్తరం రెండూ దార్యా పళ్ళెం పక్కన ఉంచింది.

దార్యా చెవులు ఎర్రబడ్డాయి. "ఇది నీకెక్కడిది?"

"నీలం ఫైల్లోది మేడమ్. రోజూ నేను మోసేదే."

"నన్ను బెదిరిస్తున్నావా?"

"లేదు మేడమ్. మాటలన్నీ మీవే. నాకంటే మీరే బాగా రాశారు."

ఒరెస్ట్ కొత్త ఉత్తరం చూపించమన్నాడు. ఆయన చేతులు వణుకుతాయి కాబట్టి లియోనీలా పట్టుకుంది. ప్రిన్సిపాలు కళ్ళతో పైనుంచి కిందికి చదివాడు. ఆయనకు మింగుడు పడలేదని తెలుస్తూనే ఉంది. చివరికి నాలుగో వరుస మీద వేలు పెట్టి, శుభ్రం చేయడం అని వద్దు, సహాయం చేయడం అని రాయమన్నాడు.

"సహాయం అంటే మీరూ ఏదో ఒకటి చేస్తూ ఉండాలి కదా, సర్."

దార్యా ఉలిక్కిపడింది. ముసలాయన మాత్రం ఆ వరుసను ఇంకోసారి చదివాడు. తర్వాత వేలు తీసేశాడు.

"ఇది వచ్చాక వెళ్ళిపోతావా?"

ఆ ఇంట్లో అసలు ప్రశ్న అదే. పరువు, ప్రేమ, తొందరేముంది, అన్నీ దాని మీద కప్పిన దుప్పట్లు. నాలుగేళ్ళలో దాన్ని నోరు తెరిచి అడిగింది ఆయనొక్కడే. లేదు సర్, మిమ్మల్ని వదిలి ఎక్కడికి వెళ్తాను అంటే సంతకం ఆ క్షణమే పడిపోయేది. ఆ ఇంట్లో అలాంటి మాటలకు మంచి గిరాకీ. లియోనీలాకు రుబెలిన్ గుర్తొచ్చింది. అబద్ధమాడినా తప్పు లేదనుకుంది. అయినా నోరు మెదిపేసరికి నిజమే వచ్చింది.

"వెళ్ళిపోతాను సర్. వచ్చిన నెలలోనే."

దార్యా కాగితాన్ని పక్కకు నెట్టింది. "చూశావా నాన్నా?"

"చూశాను. ముప్పై ఏళ్ళు బడి నడిపాను. పాసైన పిల్లవాడు వెళ్ళిపోతాడేమోనని సర్టిఫికెట్ దాచిపెట్టిన ప్రిన్సిపాలును నేను చూడలేదు. అలాంటివాడు నా బళ్ళో ఉంటే సాయంత్రానికి ఇంటికి పంపేవాణ్ణి." ఇంత పొడుగు మాట్లాడేసరికి ఆయన గడ్డం మీద మీగడ కారింది. లియోనీలా తుడిచింది. "సంతకం పెట్టు, దార్యా. కలం నా చేతిలో నిలబడితే నేనే పెట్టేవాణ్ణి."

దార్యా పెట్టింది. కాగితం చిరిగిపోతుందేమో అన్నంత గట్టిగా పెట్టింది.

నెలాఖరు రోజు మెర్లీ తన ల్యాప్‌టాప్ తీసుకుని పొద్దున్నే ఆ వంటింట్లో దిగింది. దరఖాస్తు పదింబావుకు వెళ్ళింది. పదకొండున్నరకు తలుపు మూసేశారు. చేరినట్టు వచ్చిన నంబరును లియోనీలా చేత్తో కూడా రాసుకుని, ఫొటో తీసి కూతురికి పంపింది. ఇక నీ వయసు ఇక్కడితో ఆగింది అని కింద రాసింది. మళ్ళీ ఫోను చూసే తీరిక దొరకలేదు. ఒరెస్ట్‌కు గడ్డం గీయాలి.

సబ్బు నురగ పూస్తుండగా దార్యా ఫోను చేసింది. చేతులు తడిగా ఉన్నాయని లియోనీలా గట్టిగా వినబడేలా పెట్టి బల్ల మీద ఉంచింది. వెళ్ళిందా అని అడిగింది దార్యా. వెళ్ళింది మేడమ్ అంది. అయితే ఎప్పటికి వస్తుంది అని అడిగింది.

"రెండేళ్ళు పట్టొచ్చంటున్నారు, మేడమ్. మూడైనా కావచ్చట."

అవతలి నుంచి ఊపిరి వదిలిన చప్పుడు స్పష్టంగా వినబడింది. "ఓ, అంత టైముందా! చాలా సంతోషం లియోనీలా, నిజంగా. అయితే ఆగస్టులో మా పోర్చుగల్ ప్రయాణం మార్చుకోనక్కర్లేదు."

ఫోను పెట్టేసింది. నురగలోంచి ముసలాయన కళ్ళు మాత్రమే కనబడుతున్నాయి.

"విన్నావా, ఎంత సంతోషపడిందో?"

"విన్నాను సర్. గడ్డం పైకెత్తండి."