తెగేముందు మెట్లు

టెక్కలిలో నగల దుకాణం నడిపే కాశీవిశ్వనాథానికి భరణి ఒక్కతే కూతురు. విజయనగరంలో పరిశోధన చేసేది. 2013 వేసవిలో సెలవుకి ఇంటికొచ్చి రెండే అడిగింది: వెంట్రుకంత సన్నటి మేలిమి బంగారు తీగ ఒకటి, పాత స్కూటర్ ట్యూబు ఒకటి.

"బంగారం సరే. ట్యూబు ఏటికే?"

"నీ బంగారం వణక్కుండా, నాన్నా."

భరణి పని చిత్రమైనది. తీగని పలచటి రేకు మీద అతికించి, కిందనుంచి మరమేకు తిప్పి రేకుని వంచుతుంది. తీగ సాగి సాగి, తెగేముందు కొద్దిపాటి అణువుల మందానికి చిక్కిపోతుంది. అప్పుడు దాంట్లోంచి కరెంటు ఎంత సులువుగా పారుతుందో కొలవాలి. కానీ వీధిలో లారీ వెళ్తే చాలు, తీగ పుటుక్కుమనేది, కంప్యూటర్లో ఆ కొలత చూపే గీత నిలువునా కూలేది. అలా తెప్పించిన తీగంతా అయిపోయింది. మొండిది కాబట్టి మానలేదు.

కాశీవిశ్వనాథం కంసాలి సూరయ్య చేత తీగ తీయించాడు. "నా బంగారాన్ని ఏటి సేస్తావో నేనూ సూడాల" అని తనే విజయనగరం ల్యాబుదాకా వెంట వచ్చాడు.

గాలి నింపిన ట్యూబు మీద రాతిపలక, పలక మీద పరికరం పెట్టింది భరణి. ఫ్యాను కట్టేసి మర మెల్లగా తిప్పింది. గీత జారింది, ఆగింది. మళ్లీ జారింది, మళ్లీ ఆగింది. అచ్చం మెట్లే! భరణి తెర మీదికి వంగింది.

"మెట్టు మెట్టుకీ కొన్ని అణువులు ఊడిపోతన్నాయి. ఈ ఆఖరి మెట్టు సూడు నాన్నా. ఒక్క అణువే పట్టుకొని ఉన్నాది."

అంతలో గీత అడుగంటింది.

"తెంపేసినావు కదే!" ఆయన ముఖం వాడిపోయింది.

భరణి నవ్వి మర వెనక్కి తిప్పింది. కొసలు కలుసుకుని గీత పైకి లేచింది.

"మంట లేదు, టంకం లేదు, అతుక్కుపోనాదా! ఒసే, ఇంకోపాలి తిప్పు!"

సాయంత్రందాకా తిప్పిస్తూనే ఉన్నాడు. ప్రొఫెసరు అనూరాధ వచ్చి ఆ మెట్లు చూసి, భరణి వీపు తట్టి, తనూ కుర్చీ లాక్కుని కూర్చుంది.

ఆ మెట్ల గీతని కాశీవిశ్వనాథం పటం కట్టించి దుకాణంలో తగిలించాడు. వచ్చినవాళ్లంతా దాన్ని చూసి, "బంగారం రేటు ఇంతలా పడిపోనాదేటి, సేటూ?" అని సంబరపడేవారు. ఆయన కళ్లద్దాలు సవరించుకుని మొదటి మెట్టు నుంచి మొదలెట్టేవాడు.