తవిటయ్య కూత

దేముడమ్మ చందా డబ్బా పట్టుకుని వస్తోందంటే చాలు, కంచరపాలెం రైతుబజారులో సగం మంది తలొంచుకుని వంకాయలు సర్దడంలో మునిగిపోయేవారు. ఏ గుడికో, అన్నదానానికో అయితే తలో చెయ్యీ వేసేవారే. బొగ్గు ఇంజిన్ బాగుచేయడానికి చందా అంటే ఎవరిస్తారు?

"ఆ పాత ఇనుము కాటాకేసి అమ్మీక, దానికి మళ్లీ సందాలేటి మామ్మా?" అన్నాడు ఉల్లిపాయల దుర్గారావు.

"నీ బండికి ఆ మైకేటికి మరి? నోరు నేదా?" అందామె.

దుర్గారావు నవ్వి డబ్బాలో నోటు వేశాడు. డెబ్బై దాటిన ఆ మనిషితో వాదించి గెలిచినవాడు ఆ బజారులో ఇంకా పుట్టలేదు.

ఆమె భర్త తవిటయ్య పోర్టు గూడ్సు బళ్లకు బొగ్గు ఇంజిన్ డ్రైవరుగా చేశాడు. ఆ రోజుల్లో ఏ డ్రైవరు కూత ఆ డ్రైవరుదే. తవిటయ్యదైతే ఒక పొడుగు కూత, దాని వెనకే రెండు పొట్టివి. ఆఖరిదాన్ని సాగదీసి మెల్లగా వదిలేసేవాడు. కొండవాలు మీది ఇంట్లో అది వినబడగానే దేముడమ్మ పొయ్యి రాజేసి ఎసరు పెట్టేది. ఆయన బండి అప్పగించి మెట్లెక్కి వచ్చేసరికి అన్నం ఉడికి ఉండేది.

"నీ పొయ్యి పొగ నాకు ఇంజిన్లోంచి కనిపిత్తాది. అది సూత్తే సగం ఆకలి తీరిపోద్ది" అనేవాడు.

"సాల్లే, ఊసులు సెప్పకు" అనేది ఆమె. ఒక్కనాడూ నమ్మలేదు.

డీజిల్ బళ్లు వచ్చాక ఆ కూత ఆగిపోయింది. తర్వాత చాన్నాళ్లకు తవిటయ్యా పోయాడు. ఆయన ముఖం గోడ మీద ఫోటోలో ఉంది. కూతే జ్ఞాపకంలోంచి జారిపోతోంది. పొట్టివి రెండా, మూడా అని ఈమధ్య అనుమానం మొదలైంది. ఆ అనుమానం వచ్చిన రోజున ఆమెకు ముద్ద దిగదు.

అలాంటప్పుడు, మధురవాడలో కంప్యూటర్ ఉద్యోగం చేసే సూర్యకళ అనే పిల్ల, రైళ్ల పిచ్చి ఉన్న స్నేహితుల్ని పోగేసుకుని వచ్చింది. కొండ కింద పాత లైను పక్కన తుప్పు పడుతున్న ఇంజిన్‌ని బాగుచేయిస్తామంది. దేముడమ్మ మారుమాట్లాడకుండా డబ్బా అందుకుంది. ఇంజిన్ ఏమైనా ఆమెకు పట్టదు. ఆ కూత ఒక్కసారి వినాలి, అంతే.

పోగైన డబ్బు బాయిలర్‌కు చాలలేదు. రంగులకీ, కూతకీ సరిపోయింది. ఆవిరికి బదులు గాలి కంప్రెసర్ పెట్టారు. అందరికంటే ఎక్కువ ఇచ్చినవాళ్లకే మొదటి కూత అని ముందే మాటిచ్చారు గనక, రుషికొండ హోటలాయన ఎక్కి తాడు లాగాడు. ఒకటే మోత, ఆంబోతు రంకె వేసినట్టు. జనం చప్పట్లు కొట్టారు. దేముడమ్మకు ఏడుపొచ్చింది. ఎండనక బజారంతా తిరిగింది దీనికోసమా?

"గొంతు అదే" అంది సూర్యకళతో. "మాటే అది కాదు."

"మరైతే నువ్వే లాగు మామ్మా."

ఆ పిల్ల చెయ్యందిస్తే ఎక్కింది. ఇన్నేళ్లూ బయటినుంచి విన్నదే గాని ఆ తాడు ఎప్పుడూ ముట్టుకున్నది కాదు. మొదటిసారి లాగితే తాడు కదల్లేదు. రెండోసారి ఒళ్లు బరువంతా వేసి లాగింది. ఒక పొడుగు. ఒక పొట్టి. ఇంకో పొట్టి సాగి సాగి కొండ మీదికి వెళ్లిపోయింది. రెండే. చెవి గుర్తుపట్టింది, అనుమానం తీరిపోయింది.

వెంటనే ఆమె కిటికీలోంచి తల బయటపెట్టి కొండ వైపు చూసింది. డాబాల సందులోంచి తన ఇల్లు కనిపిస్తోంది, తలుపుతో సహా. ఆయన చెప్పినవి ఊసులు కావు. ఇక్కడ నిలబడి నిజంగానే చూసేవాడు.

"ఏటి సూత్తన్నావ్ మామ్మా?" అంది కిందినుంచి సూర్యకళ.

"పొగ" అంది దేముడమ్మ. "కూతేసాను గదా. ఎవులైనా పొయ్యెలిగించారేటోనని."

ఆ ఇంటి తాళంచెవి ఆమె బొడ్లోనే ఉంది.